విరాగి కన్నీరు

స్వదేశమున మనుజుడు తన వ్యక్తిత్వమును తానే మోయుచున్నానని తలంచును గాని, నిక్కముగా దానిని మోయుచుండునది అతని చుట్టునున్న లోకమే. ఎదురుపడినవాని నమస్కారము, చిన్ననాటినుండి వినుచున్న యాస, పేరు స్మరింపకయే గుర్తింపబడు చెట్టుచేమలు, ఇవన్నియు అనుక్షణమును అతనితో ‘నీవు ఫలానివాడవు’ అని చెప్పుచుండును. పరదేశమున ఒంటరిగా అడుగిడిన తొలిదినముననే ఆ సాక్ష్యమంతయు ఒక్కపెట్టున అణగిపోవును. బౌద్ధులు చెప్పు పంచస్కంధములలోని సంజ్ఞాస్కంధమును గూర్చి గ్రంథములలో చదువుట వేరు, తెలియని వీథిలో నిలిచి దాని నెరుగుట వేరు. కన్ను చూచుచునే యుండును, సుఖదుఃఖములు కలుగుచునే యుండును. కాని ఇది ఇట్టిదని గుర్తుపట్టు శక్తి ఆధారము లేక తడబడును. ‘నేను’ అను భావము ఎంత పరాధీనమో అపుడు తెలిసినట్లు మరెప్పుడును తెలియదు. అందుచేతనే కాబోలు, మన ధర్మశాస్త్రములు పరివ్రాజకుడు గ్రామమున ఒక్క రాత్రికి మించి నిలువరాదనినవి. బౌద్ధుల సుత్తనిపాతములోని ఖడ్గవిషాణ సూత్రమును అందుచేతనే ఏకాకి సంచారమును అంతగా కొనియాడినది.

అయినచో, ఇల్లు విడిచినవాడు, ఆత్మ లేదని నమ్మినవాడు, పరదేశమున స్వదేశమును తలంచి కంట తడిపెట్టినయెడల అది వైరాగ్యభంగమగునా? చీనాదేశపు బౌద్ధభిక్షువగు ఫాహియాను యాత్రావృత్తాంతమును చదివిననాటినుండియు ఈ ప్రశ్న నన్ను విడువకున్నది.

భిక్షునియమముల సంపుటమగు వినయపిటకము తమ దేశమున అసమగ్రముగా నున్నదని చింతించి ఆ భిక్షువు క్రీ.శ. 399లో చాంగాన్ నగరమునుండి సహచరులతో బయలుదేరెను. త్రోవలో కొందరు వెనుదిరిగిరి. ఒకడు హిమపర్వతముమీద ఇతని యెదుటనే ప్రాణము విడిచెను. తుదివరకు వెంటనున్నవాడు మధ్యదేశ భిక్షువుల శీలమునకు ముగ్ధుడై ఇచ్చటనే నిలిచిపోయెను. పాటలీపుత్రమున మూడేండ్లు సంస్కృతము నేర్చి, వినయగ్రంథములను వ్రాసికొని, తామ్రలిప్తిలో రెండేండ్లు గడపి, ఫాహియాను ఒక్కడే ఓడయెక్కి సింహళము చేరెను. అచ్చట అభయగిరి విహారమున, కుడి అరచేత అమూల్యమైన ముత్యమును దాల్చిన పచ్చరాతి బుద్ధవిగ్రహముచెంత, ఒక వర్తకుడు తెల్లని పట్టు విసనకఱ్ఱను కానుకగా సమర్పించుట అతని కంటబడెను. అది చీనాదేశపు విసనకఱ్ఱ. ఏండ్లతరబడి ఎరిగిన కొండగాని, ఏరుగాని, ముఖముగాని కానరాక తిరిగిన ఆ యతి కన్నులు అప్రయత్నముగా నీట నిండెను.

ఇతనికి రెండు శతాబ్దముల పిమ్మట వచ్చి, మన ధాన్యకటకమున కొన్ని మాసములు అభిధర్మమును అభ్యసించిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు కూడ బోధివృక్షముకడ విలపించెను. కాని ఆ దుఃఖము తథాగతుని కాలమున పుట్టనైతినే యని. దానికి అందరును చేతులు మోడ్తురు. విసనకఱ్ఱను చూచి రాల్చిన కన్నీటికి అట్టి గౌరవము లేదు. నాకు మాత్రము ఇదియే ప్రియతరము. ఏలయన ఫాహియాను దానిని దాచక, పుణ్యక్షేత్రముల వర్ణనల నడుమనే చెప్పియుంచెను.

ఇక వైరాగ్యభంగమగునా యను నా ప్రశ్నకు వత్తును. బౌద్ధులు చెప్పు ద్వాదశ నిదానములలో వేదన, అనగా సుఖదుఃఖానుభవము, దాని వెనుక తృష్ణ వచ్చును. వేదన పుట్టకుండ చేయుట ఎవరి వశమును గాదు; ఆ రెంటి నడుమనున్న సన్నని ఎడముననే సాధన యంతయు జరుగవలెను. కన్నీరు వేదన. ఇంటి దారి పట్టించి యుండినచో అది తృష్ణ యగును. ఫాహియాను సింహళమున రెండేండ్లుండి, మహీశాసక వినయమును, దీర్ఘాగమ సంయుక్తాగమములను సంపాదించిన పిదపనే మరలిపోయెను. సముద్రమున తుపాను రేగి వర్తకులు సరకులను నీట పడవేయుచుండగా, తన కమండలువును, నీళ్లపాత్రను తానే విసరివైచి, గ్రంథములను మాత్రము కాపాడుమని అవలోకితేశ్వరుని ప్రార్థించెను. తుదకు ఎచ్చటికి చేరితిమో తెలియని తీరమున, చిరపరిచితమైన ఆకుకూరలను చూచి, అది తన దేశమేయని గుర్తించెను.

చాంగాన్‌లోని పెద్దలను చూడవలెనని మనసు మిక్కిలి త్వరపడినను, తెచ్చిన గ్రంథముల పని అంతకన్న గురుతరమని తలంచి, అతడు దక్షిణమునకు తిరిగి అచ్చటి రాజధానికి పోయెను. అచ్చట, భారతదేశమునుండి వచ్చి తానును ఆ నేలపై పరదేశియేయైన బుద్ధభద్రుడను భిక్షువుతో కూర్చుండి, పాటలీపుత్రమున వ్రాసికొన్న మహాసాంఘిక వినయమును చీనాభాషలోనికి పరివర్తింపజొచ్చెను.