పరిపక్వ విశ్వాసము

భగవంతుని నమ్మినవాడు స్వప్రయత్నమును మానవలెనా? శరణాగతిని గూర్చి వినినవారికి తప్పక కలుగు సందేహమిది.

కోటగిరి ప్రాంతపు రైతు, మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగర్ నీటిని నమ్మి నారు పోయును. వాన కురియుట, జలాశయము నిండుట అతని చేతిలో లేవు. అయినను గట్టు వేయక ఊరకుండడు. గట్టు నీటిని పుట్టింపజాలదు. వచ్చిన నీటిని నిలుపును. సాధనయు అట్టిదే. అది భగవత్కృపకు వెల కాదు, పాత్రము మాత్రమే. లంకను విడిచి సముద్రమును దాటి వచ్చుట విభీషణుని వంతు. సుగ్రీవుడు శంకించినను అభయమొసగుట శ్రీరాముని వంతు.

మరి జలాశయము నిండని యేటి మాటయేమి? విశ్వాసమునకు నిజమైన పరీక్ష అప్పుడే. కోరినది లభించిననాడే నిలుచు నమ్మకము బేరమగును గాని భక్తి కాజాలదు. శరణాగతికి పెద్దలు చెప్పిన ఆరంగములలో, 'ఆయన రక్షించును' అను మహావిశ్వాసము ఒకటి. అది ఒక్కనాట పండునది కాదు. పోతన భాగవతమున గజేంద్రుడు సయితము సంశయించెను. సంశయించియు పిలుచుట మానలేదు. బలముడిగినవేళ అతనికి మిగిలినది ఆ పిలుపొక్కటే. స్వామి దానికే పరుగున వచ్చెను.

ఎండిన యేటను గట్టు వేయు చేయి, బదులు వినరాని వేళను పిలుచు నోరు — పరిపక్వతకు ఇవియే గురుతులు. అట్టి విశ్వాసము ఎల్లరకు సిద్ధించుగాక!