ఆట – అభిమానం – అసబియ్యత్

వేసవి వచ్చిందంటే మన కృష్ణా దిగువ ప్రాంతంలో ఒక చర్చ మొదలవుతుంది. బందరు కోనేరు సెంటరు టీ కొట్ల దగ్గర, గుడివాడ బస్టాండు దగ్గర, అవనిగడ్డలో, నాగాయలంకలో నలుగురు యువకులు ఎక్కడ కూడినా ఐపీఎల్ మాటే. రాత్రి ఎవరు గెలిచారు? ఎందుకు గెలిచారు? ఈసారి కప్పు ఎవరిది? వచ్చే ఏడాదికి ఏ ఆటగాణ్ణి ఉంచుకోవాలి, ఎవరిని వదిలేయాలి? మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలవుతుంది. కాసేపటికే ఇషా జమాత్ నిలబడుతుంది. సలాం తిప్పగానే మసీదు మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ "స్కోరెంత భాయ్?" అని అడిగే పిల్లలు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

దీనిపై మన ఇళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. "ఇదంతా ఫుజూల్, కాలాన్ని కాల్చడమే" అంటారు పెద్దలు. "మేము తాగడం లేదు, తిరగడం లేదు. ఆట గురించి మాట్లాడుకుంటే తప్పేమిటి?" అంటారు పిల్లలు. పెద్దలు విసుక్కుంటారు, పిల్లలు మొహం చాటేస్తారు. మాట అక్కడితో తెగిపోతుంది. అలా తెగిపోవడం వల్ల నష్టపోయేది మనమే. అందుకని అసలు ప్రశ్ననే ముందుంచుకుందాం. మనం ఆడని ఆటలో, మనకు వాటా లేని జట్టు గెలిస్తే మన గుండె పొంగడం, ఓడితే కుంగడం విశ్వాసికి తగునా? తగితే, ఎంతవరకు?

పక్షం వహించడం పాపమా?

దైవప్రవక్త (సఅసం) జీవితంలో ఆటపోటీలకు చోటు లేదని ఎవరూ అనలేరు. ఆయన హజ్రత్ ఆయిషా (రజి) గారితో పరుగు పోటీ పెట్టుకున్నారు. ఒకసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. మదీనాలో గుర్రాలకు పోటీలు పెట్టించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) స్వయంగా అందులో పాల్గొన్నారు.

వీటికంటే మన చర్చకు దగ్గరైన సంఘటన మరొకటి సహీహ్ బుఖారీలో ఉంది. అస్లమ్ తెగవారు రెండు జట్లుగా విడిపోయి బాణాలు వేసే పోటీలో ఉన్నారు. ప్రవక్త (సఅసం) అటుగా వచ్చి, వారిని ప్రోత్సహిస్తూ, తాను ఫలానా జట్టువైపు ఉన్నానని అన్నారు. వెంటనే రెండో జట్టు చేతులు దించేసింది. కారణం అడిగితే, మీరు వారి పక్షాన ఉండగా మేము ఎలా వేయగలమన్నారు. అప్పుడాయన, వేయండి, నేను మీ అందరివైపూ ఉన్నానన్నారు.

ఈ చిన్న సంఘటనలో రెండు పాఠాలున్నాయి. ఆటలో ఒక జట్టువైపు మొగ్గడం దానంతటది పాపం కాదు. పాపమైతే ఆయన నోట ఆ మాటే వచ్చేది కాదు. అయితే ఆ మొగ్గు వల్ల ఎదుటివారి మనసు చిన్నబోతోందని తెలిసిన క్షణంలోనే ఆయన తన మొగ్గును పక్కన పెట్టారు. మనుషుల ముందు జట్టును ఆయన ముఖ్యం చేయలేదు. పిల్లల అభిమానాన్ని పూర్తిగా తప్పుపట్టే పెద్దలు మొదటి పాఠాన్ని, స్నేహితుణ్ణి ఏడిపించి ఆనందించే పిల్లలు రెండో పాఠాన్ని గుర్తుంచుకోవాలి.

'మన' అంటే ఎవరు?

ఇక 'మన జట్టు' అన్న మాటను కాస్త విప్పి చూద్దాం. ఐపీఎల్‌లో హైదరాబాద్ పేరు మీద మొదట ఆడింది డెక్కన్ ఛార్జర్స్. 2009లో కప్పు గెలిచిన ఆ జట్టు 2012లో రద్దయిపోయింది. ఆ స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచింది. దాని యజమాని చెన్నైకి చెందిన సన్ టీవీ సంస్థ. 2024లో ఫైనల్ దాకా నడిపించిన కెప్టెన్ ఆస్ట్రేలియావాడు. మరోవైపు, హైదరాబాద్ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడి పెరిగిన ఆటో డ్రైవరు కొడుకు ముహమ్మద్ సిరాజ్ 2025 ఏప్రిల్ 6న గుజరాత్ జట్టు తరఫున ఉప్పల్ మైదానంలో దిగి, 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసి, హైదరాబాద్ జట్టునే ఓడించాడు. ఆ రోజు 'మనవాడు' ఎవరు? 'పరాయివాడు' ఎవరు?

ఈ 'మన' అన్న గీత దేవుడు గీసింది కాదు, వేలంపాట గీసింది. వచ్చే వేలంలో అది మారిపోతుంది. ఇంత పలచటి గీత కోసం పక్కింటి కుర్రాడితో మాటలు మానేయడం బుద్ధిమంతుల పనేనా? ఆలోచించండి!

ఈ గీతను మతం మీద గీసిన కాలం కూడా మన దేశంలో ఉండేది. బొంబాయిలో యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లిములు వేర్వేరు జట్లుగా ఆడేవారు. 1937లో మిగతావారికి ఐదో జట్టు చేరింది. మన బందరులో కుటుంబ మూలాలున్న సి.కె. నాయుడు, 1932లో భారత తొలి టెస్టు కెప్టెన్ అయిన ఆ మహా ఆటగాడు, ఆ పోటీల్లో హిందువుల జట్టుకు ఆడినవాడే. ఆటను మతాలవారీగా పంచడం తగదని 1940లో గాంధీజీ అభ్యంతరం చెప్పారు. చివరికి 1946లో ఆ పోటీలు ఆగిపోయాయి.

అరబ్బీలో దీనికొక పేరుంది, అసబియ్యత్. తన వర్గమన్న ఒకే ఒక కారణంతో వెనకేసుకు రావడం. సొంతవారిని ప్రేమించడం అసబియ్యత్ అవుతుందా అని అడిగినప్పుడు ప్రవక్త (సఅసం) కాదన్నారనీ, సొంతవారికి అన్యాయంలో తోడ్పడటమే అసబియ్యత్ అని వివరించారనీ ఒక ఉల్లేఖనంలో ఉంది. ఎంత స్పష్టమైన గీటు! ప్రేమ ఉండవచ్చు. ఆ ప్రేమ కోసం న్యాయం పోకూడదు.

ఓటమి మీద చర్చ

చర్చే వద్దనడం కూడా సరికాదు. ఉహుద్ యుద్ధం తర్వాత ముస్లిములకు ఎదురైన దెబ్బకు కారణాలను దివ్య ఖుర్‌ఆన్ సూరా ఆలి ఇమ్రాన్‌లో స్వయంగా విప్పి చెప్పింది. తమలో తాము వివాదపడటం, ఆజ్ఞను మీరటం, ప్రాపంచిక లాభం వైపు కొందరు మొగ్గటం ఆ కారణాలు. అదే సూరాలో, ఇంట్లో కూర్చుని "మా మాట విని ఉంటే వాళ్ళు చచ్చేవారు కాదు" అన్న ధోరణిలో మాట్లాడిన కపటులను మందలించింది. ధర్మయుద్ధానికీ బంతాటకూ పోలిక లేదు. అయినా ఓటమి గురించి మాట్లాడే రెండు తీరులు ఇక్కడ కనిపిస్తున్నాయి. ఒకటి, తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుని దిద్దుకునే మాట. రెండోది, చేయి కదపకుండా కూర్చుని, చెమటోడ్చినవారిని నిందించే మాట. ప్రవక్త (సఅసం) 'అలా చేసి ఉంటే' అన్న పలుకు షైతాను పనికి తలుపు తెరుస్తుందని హెచ్చరించింది ఈ రెండో తీరు గురించే.

మన టీ కొట్ల చర్చలు ఏ తీరులో ఉన్నాయి? 2025 ఆగస్టు 3న లండన్ ఓవల్ మైదానంలో సిరాజ్ క్యాచ్ పట్టి కూడా బౌండరీ గీతను తొక్కేశాడు. అప్పటికి 19 పరుగుల మీదున్న బ్రూక్ 111 చేశాడు. ఆ రాత్రి సిరాజ్‌ను తిట్టని నోళ్ళు తక్కువ. మరునాడు అతనే చివరి వికెట్లు కూల్చి భారత్‌ను 6 పరుగుల తేడాతో గెలిపించాడు. తిట్టిన నోళ్ళే ఆకాశానికెత్తాయి. ఒక్క రాత్రిలో మనిషి మారలేదు. మన తూకపు రాళ్ళే మారాయి.

2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్ చేతిలో భారత్ ఓడినప్పుడు ముహమ్మద్ షమీ పేరును, మతాన్ని ఎత్తి సోషల్ మీడియాలో దూషించారు. అప్పటి కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా అతని పక్షాన నిలబడ్డాడు. రెండేళ్ళకు 2023 ప్రపంచ కప్పులో అందరికంటే ఎక్కువగా 24 వికెట్లు తీసింది ఆ షమీయే. ఆ దూషణలు చదివి మన ఇళ్ళలో పిల్లలు ఎంత నొచ్చుకున్నారో మనకు తెలుసు. అయితే ఆ నొప్పి తెలిసిన మనమే, క్యాచ్ వదిలేసిన మరో కుర్రాణ్ణి అతని ప్రాంతం పేరుతోనో, కులం పేరుతోనో, రంగు పేరుతోనో ఎగతాళి చేస్తే ఏ మొహంతో న్యాయం అడుగుతాం? ఒక జాతి మీది ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం తప్పించకూడదని ఖుర్‌ఆన్ సూరా మాయిదాలో ఆదేశించింది. ద్వేషానికే ఆ వెసులుబాటు లేనప్పుడు ఒక ఆటలోని చిరాకుకు ఎక్కడిది?

జోస్యం నుంచి జూదానికి

ఓటమి చర్చలో 'ఉంటే' ఎంత వినిపిస్తుందో, రేపటి చర్చలో 'తప్పకుండా' అంత వినిపిస్తుంది. "ఈసారి తప్పకుండా మనదే!" 2024లో సన్‌రైజర్స్ బెంగళూరు మీద 287 పరుగులు చేసినప్పుడు ఎందరో ఆ మాటే అన్నారు. మే 26న ఫైనల్‌లో అదే జట్టు 113కు కుప్పకూలింది. అంచనా అంచనాగా ఉన్నంతవరకు వినోదమే. దాని మీద డబ్బు పెట్టిన క్షణంలో అది జూదం.

కొందరు తెలివిగా, "హజ్రత్ అబూబక్ర్ (రజి) కూడా పందెం కాశారు కదా!" అంటారు. పర్షియన్లు రోమన్లను ఓడించినప్పుడు మక్కా బహుదైవారాధకులు సంబరపడ్డారు. కొద్ది సంవత్సరాల్లోనే రోమన్లు తిరిగి గెలుస్తారని సూరా రూమ్ ప్రకటించింది. ఆ మాట మీద హజ్రత్ అబూబక్ర్ (రజి) పందెం కాసిన ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. నిజమే. కానీ అది జూదం నిషిద్ధం కాకముందు జరిగింది. పైగా ఆయన ఆధారం వహీ, మన ఆధారం నిన్నటి స్కోరు బోర్డు! జూదం మనుషుల మధ్య వైరాన్ని రగిలిస్తుందనీ, దైవస్మరణ నుంచి, నమాజు నుంచి మరలిస్తుందనీ సూరా మాయిదా నిషేధానికి కారణం కూడా చెప్పింది. పందెంలో పడ్డ కుర్రవాణ్ణి గమనించండి, ఈ రెండు లక్షణాలూ కనిపిస్తాయి. సెల్‌ఫోన్‌లో జట్టు కట్టి డబ్బు పెట్టే ఆటకు 'నైపుణ్యం' అని పేరు పెట్టినంత మాత్రాన తీర్పు మారదు. దేశ చట్టం కూడా 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

దుఃఖానికి కొలత

2023 ప్రపంచ కప్పులో భారత్ వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. ఆ రాత్రి మన ప్రాంతంలోనూ చాలా ఇళ్ళలో అన్నం సహించలేదు. ఆ తేదీ నవంబరు 19.

దివిసీమవారికి ఆ తేదీ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళను సముద్రం మింగేసింది. సుమారు పది వేల మంది ప్రాణాలు పోయాయి. తల్లి చేతిలోంచి బిడ్డ జారిపోయిన తేదీ అది. ఇంట్లో ముసలివారికి ఆ తేదీ ఒక విధంగా, మనవడికి మరో విధంగా గుర్తుండిపోతే, తప్పు మనవడిది మాత్రమే కాదు. ఏ దుఃఖం ఎంత బరువో ఇంట్లో ఎవరూ చెప్పకపోతే టీవీ చెబుతుంది. 2025 జూన్ 3న బెంగళూరు జట్టు తొలిసారి కప్పు గెలిచింది. మరునాడు విజయోత్సవ తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. కప్పు చూసి వస్తామని వెళ్ళినవారు వారు. సంతోషానికి కూడా కొలత తప్పితే ఏమవుతుందో ఇంతకంటే వేరే చెప్పాలా?

ఆటలోని ఓటమికి బాధపడటం వింత కాదు. సహాబాలు కూడా బాధపడ్డారు. ప్రవక్త (సఅసం) వారికి అద్బా అనే ఒంటె ఉండేది. పరుగులో దానిని మించింది లేదు. ఒకసారి ఒక ఎడారివాసి తన లేత ఒంటెనెక్కి వచ్చి దాన్ని దాటేశాడు. ముస్లిములకు అది చాలా కష్టం కలిగించింది. వారి మొహాల్లో ఆ బాధ కనిపెట్టిన ప్రవక్త (సఅసం), ఈ లోకంలో పైకెత్తిన ప్రతి వస్తువునూ కిందికి దించడం అల్లాహ్ విధానమన్న సత్యాన్ని బోధించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది.

గమనించండి, ఆయన వారిని కసరలేదు. ఒంటె కోసం బాధేమిటని ఎగతాళి చేయలేదు. ఆ ఎడారివాసిని తప్పుపట్టలేదు. ఆ బాధనే పట్టుకుని, దాని ద్వారా ప్రపంచపు స్వభావాన్ని చూపించారు. తల్లిదండ్రులు నేర్చుకోవలసిన పద్ధతి ఇదే. ఓడిన రాత్రి మొహం వేలాడేసుకున్న కొడుకు పక్కన కూర్చుని ఈ హదీసు చెప్పండి. పది రోజులు తిట్టినా రాని ఫలితం ఆ ఒక్క పూట రావచ్చు.

యువ సోదరులారా! అభిమానాన్ని మీరే పరీక్షించుకోండి. మీ జట్టు ఆడుతుంటే ఇషా జమాత్, మరునాటి ఫజ్ర్ నిలిచాయా? ఎదుటి జట్టువాడు బాగా ఆడితే బాగా ఆడాడని మీ నోరు ఒప్పుకుందా? ఓడిన స్నేహితుడితో తెల్లారి కలిసి టీ తాగగలిగారా? ఈ మూడూ నిలిస్తే మీ ఆట ఆటగానే ఉన్నట్టు. ఒక్కటి పోయినా, కప్పు ఎవరికి దక్కినా, నష్టపోయింది మీరే.

అల్లాహ్ మన ప్రేమలో న్యాయాన్ని, సంతోషంలో మితాన్ని, దుఃఖంలో సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.