చెప్పినవాడెవరు? చూపినదేమిటి?

వరంగల్ మండీబజార్‌లో మోటార్లకు వైండింగ్ చేసే సోదరుడొకరు ఉన్నారు. ఒకరోజు మగ్రిబ్ నమాజు ముగిశాక ఆయన మమ్మల్ని తన దుకాణానికి తీసుకువెళ్ళారు. వెనుక గదిలో, చెక్కబల్ల మీద ఒక యంత్రం ఉంది. బ్యాటరీ మోటారును తిప్పుతుంది. మోటారు బెల్టు ద్వారా డైనమోను తిప్పుతుంది. డైనమోలో పుట్టిన కరెంటు మళ్ళీ ఆ బ్యాటరీకే చేరుతుంది. పక్కన ఒక బల్బు కూడా వెలుగుతోంది. "భాయ్‌సాబ్, దీనికి కరెంటు బిల్లు లేదు, పెట్రోలు ఖర్చు లేదు. ఒకసారి తిప్పితే ఇక ఆగదు" అన్నారాయన.

అది ఆయన ఆరేళ్ళ శ్రమ. ఊళ్ళో చదువుకున్న నలుగురైదుగురికి చూపించారట. ఒకరు నవ్వారు. మరొకరు చూడకుండానే కుదరదన్నారు. ఆయన బావమరిది మాత్రం నమ్మారు. కూతురి పెళ్ళికి దాచిన సొమ్మును ఇందులో పెట్టడానికి సిద్ధమయ్యారు.

చివరికి ఆ సోదరుడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: "నేను ఏడో తరగతితో చదువు ఆపేశాను గనుకే కదా నా మాట ఎవరూ వినడం లేదు? పెద్ద డిగ్రీ ఉన్నవాడు ఇదే మాట చెబితే వినేవారు కాదా?"

ఇది యంత్రానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించినది కూడా. మనిషి స్థాయిని చూసి అతని మాటను తోసిపుచ్చడం అన్యాయమని మనకు తెలుసు. మరి విజ్ఞానశాస్త్రం ఆ అన్యాయమే చేస్తోందా?

బయటివారికి తలుపు మూసి ఉందా?

ముందుగా మన ప్రాంతాన్నే చూద్దాం. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన ఒక యువకుడు ఇల్లు విడిచి సన్యాసం స్వీకరించాడు. స్వామి జ్ఞానానంద పేరుతో ఐరోపా వెళ్ళిన ఆయనకు అక్కడ భౌతికశాస్త్రంపై ఆసక్తి కలిగింది. విద్యార్థిగా మారి, ప్రాగ్ నగరంలో ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఆ తర్వాత ఇంగ్లాండులో, అమెరికాలో పరిశోధనలు సాగించి స్వదేశానికి తిరిగివచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పినది ఆయనే. అక్కడి పరిశోధనాలయానికి నేటికీ ఆయన పేరే ఉంది. అక్కడివారు ఆయన కట్టుకున్న బట్టను చూడలేదు, చేసి చూపిన కొలతలను చూశారు.

వరంగల్ నుండి హైదరాబాద్ వెళ్ళే దారిలో ఆలేరు వస్తుంది. ఆ ప్రాంతపు చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం గారి చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. చీరకు ఆసు పోయడానికి వేలసార్లు చేయి చాపి తల్లి భుజాలు నొప్పి పుట్టేవి. అది చూడలేక ఆయన ఏళ్ళ తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. యంత్రం ఎదురుగా దారం పోస్తుంటే సర్టిఫికెట్లు అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

అయితే మా సోదరుని యంత్రాన్ని చూడకుండానే కుదరదని ఎలా అన్నారు? దానికి కారణం శక్తి నిత్యత్వ నియమం. శక్తి ఒక రూపం నుండి మరొక రూపానికి మారుతుందే తప్ప శూన్యం నుండి పుట్టదు. మోటారు తిరిగేటప్పుడు బేరింగులలో, బెల్టులో, రాగి తీగలలో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. బల్బు మరికొంత తీసుకుంటుంది. కాబట్టి బ్యాటరీ నుండి బయటికి వెళ్ళినంత శక్తి తిరిగి బ్యాటరీకి రాదు. ఆగకుండా తిరిగే యంత్రాల గురించి వచ్చే దరఖాస్తులను ఇక పరిశీలించబోమని పారిస్ సైన్స్ అకాడమీ 1775లోనే తీర్మానించింది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ నియమాన్ని నిలబెట్టినవారు కూడా బయటివారే! జర్మనీకి చెందిన మేయర్ వృత్తిరీత్యా వైద్యుడు. 1841లో ఆయన పంపిన మొదటి వ్యాసాన్ని భౌతికశాస్త్ర పత్రిక ప్రచురించలేదు. ఇంగ్లాండుకు చెందిన జౌల్ బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టి, ఆ వ్యాపారం చూసుకుంటూ ఇంట్లోనే ప్రయోగాలు చేసేవాడు. బరువులు కిందికి దిగుతూ నీటిలోని తెడ్లను తిప్పుతుంటే ఆ నీరు ఎంత వేడెక్కుతుందో ఎంతో ఓపికగా కొలిచాడు. 1843లో ఆయన తన తొలి ఫలితాలను పండితుల సభలో వినిపిస్తే స్పందనే లేదు. ఆయన మళ్ళీ కొలిచాడు, పద్ధతి మార్చి ఇంకా కొలిచాడు. 1847లో విలియం థామ్సన్ అనే యువ శాస్త్రవేత్త ఆ మాటను శ్రద్ధగా విన్నాడు. నేడు శక్తిని కొలిచే ప్రమాణానికే జౌల్ అని పేరు.

మా సోదరుని యంత్రాన్ని తిరస్కరించే నియమం ఒకప్పుడు తానే తిరస్కారానికి గురై, పరీక్షలో నెగ్గి నిలబడింది. శాస్త్రవేత్తలూ మనుషులే. వారిలోనూ గర్వం, అలసట, తొందరపాటు ఉంటాయి. ఖండాలు కదులుతాయని 1912లో చెప్పిన వెగెనర్ వాతావరణ శాస్త్రజ్ఞుడు. భూగర్భ శాస్త్రజ్ఞులలో చాలామంది ఆయనను ఎగతాళి చేశారు. ఆయన 1930లో మరణించాడు. సముద్రపు అడుగుభాగం నుండి సాక్ష్యాలు వచ్చాక, 1960లలో గానీ ఆ మాట నిలబడలేదు. న్యాయం ఆలస్యమైంది, నిజమే. కానీ దానిని గెలిపించినది సాక్ష్యమే. 'నన్ను చూసి నవ్వారు గనుక నేనే సత్యవంతుణ్ణి' అనే వాదన కాదు. నవ్వులపాలైన ప్రతివాడూ వెగెనర్ కాలేడు.

లోపలివారికి వేరే త్రాసు ఉందా?

2011 సెప్టెంబరులో ఐరోపాకు చెందిన 'ఒపెరా' ప్రయోగ బృందం ఒక సంచలన ఫలితాన్ని ప్రకటించింది. 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినో కణాలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందుగా గమ్యం చేరినట్లు వారి కొలతలు చూపాయి. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. అదే నిజమైతే ఐన్‌స్టీన్ సిద్ధాంతం తలక్రిందులైనట్లే! వారంతా గొప్ప డిగ్రీలున్నవారు. అయినా ప్రపంచం వెంటనే నమ్మలేదు. వారు కూడా నమ్మమని అడగలేదు, 'మా పొరపాటు ఎక్కడుందో వెతకండి' అన్నారు. 2012లో ఒక ఆప్టికల్ ఫైబర్ కేబులు సరిగా బిగియలేదని బయటపడింది. సంచలనం ముగిసిపోయింది. ఏడో తరగతి మెకానిక్‌ను తూచే త్రాసులోనే వారినీ తూచారు.

ఆ త్రాసు మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇంతవరకు జాగ్రత్తగా కొలిచి తెలుసుకున్న వాటితో నీ మాట ఎలా పొసగుతుంది? నీ మాట తప్పైతే అది ఏ పరీక్షలో బయటపడుతుంది? నీ సహాయం లేకుండా వేరొకరు చేసినా అదే ఫలితం వస్తుందా? రుజువు చూపే బాధ్యత వాదించేవాడిదే అన్న సూత్రం ఇస్లామీయ న్యాయశాస్త్రం చదివిన మనకు కొత్త కాదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. హదీసు పండితులు ఉల్లేఖకుని గుణగణాలను, జ్ఞాపకశక్తిని అంత నిశితంగా పరిశీలించారు కదా! మరి ఇక్కడ మనిషిని చూడనవసరం లేదా? తేడా ఇదే. గడిచిపోయిన కాలంలో పలికిన మాటను మనం మళ్ళీ వినలేము, కనుక దానిని మోసుకువచ్చినవాడు నమ్మదగినవాడా అని చూడాలి. నీటి వేడి అలా కాదు. దానిని నేడైనా రేపైనా, మక్కాలోనైనా మాంచెస్టర్‌లోనైనా ఎవరైనా మళ్ళీ కొలవవచ్చు. ప్రకృతి అందరికీ తెరిచి ఉంచిన గ్రంథం. అందుకే అక్కడ 'చెప్పినవాడెవరు?' కంటే 'చూపినదేమిటి?' అన్నదే పెద్ద ప్రశ్న.

మన ఇంటి సంగతి

ఇతరుల విషయంలో ఈ త్రాసును వాడటం సులభమే. మనకు నచ్చే మాట విషయంలో వాడటమే కష్టం.

చంద్రుని మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అక్కడ అజాన్ వినిపించిందని, ఆయన ఇస్లాం స్వీకరించారని ఒక కథ మన ఇళ్ళలో ఎంతగానో ప్రచారమైంది. అది నిజం కాదు. ఆయన ఇస్లాం స్వీకరించలేదని అమెరికా విదేశాంగ శాఖ 1983లోనే ముస్లిం దేశాలలోని తన కార్యాలయాలకు తెలియజేసింది. విచారకరమైన విషయమేమిటంటే, మేము కూడా ఒకప్పుడు ఈ కథను ఒక సమావేశంలో ఎంతో ఉత్సాహంగా చెప్పాం. ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచి, "చంద్రుని మీద గాలి లేదు కదా, శబ్దం ఎలా వినిపిస్తుంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆనాటి మా సిగ్గు కంటే పెద్ద నష్టం మరొకటుంది. ఈ మాట అబద్ధమని తెలిసిన పిల్లలు, అదే నోటితో మనం చెప్పిన సత్యాన్ని కూడా అనుమానిస్తే ఆ బాధ్యత ఎవరిది? ధర్మానికి అబద్ధపు ఊతకర్ర అవసరం లేదు.

2012లో పాకిస్తాన్‌లో ఒక ఇంజనీరు నీటితో కారు నడుపుతానంటే టీవీ ఛానెళ్ళు, మంత్రులు కూడా ఆయనను ఆకాశానికెత్తారు. హైడ్రోజన్ మండగా మిగిలేదే నీరు. కాలిన బూడిదను మళ్ళీ కట్టెగా మార్చాలంటే మంట ఇచ్చినంత శక్తినీ తిరిగి ఖర్చుపెట్టాలి. పాఠశాల పుస్తకంలో ఉన్న ఈ సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు రాలేదు. మనవాడు ప్రపంచాన్ని జయించాడన్న ఆనందం పరీక్షను మరిపించింది. వార్త వస్తే విచారించి నిర్ధారించుకోమని దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. ఆ ఆదేశం మనకు ఇష్టంలేని వార్తలకు మాత్రమేనా?

బస్రాలో 965 ప్రాంతంలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్‌ను గుర్తుచేసుకుందాం. కంటి నుండి కిరణాలు వెళ్ళి వస్తువును తాకితేనే చూపు కలుగుతుందన్న ప్రాచీన పండితుల మాటను ఆయన పరీక్షలతో, తర్కంతో ఖండించాడు. టాలెమీ వంటి మహా పండితుని పొరపాట్లపై ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. సత్యాన్వేషి తాను చదివినదాన్నే కాదు, తనను తాను కూడా అనుమానించాలన్నది ఆయన ఉపదేశం. నైలు నది వరదను అదుపు చేయగలనని ఆయన చెప్పగా, ఖలీఫా అల్ హాకిమ్ ఆయనను ఈజిప్టుకు పిలిపించాడని చరిత్రకారులు రాశారు. అక్కడి నేలను కళ్ళారా చూశాక, తన పథకం సాధ్యం కాదని ఆయన ఒప్పుకున్నాడు. అంతటి పాలకుని ముందు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి!

మళ్ళీ మండీబజార్‌కు

మేము ఆ సోదరునితో ఇలా అన్నాం: "భాయ్, మీ చదువు గురించి మేము అడగం. మీ మాట నిజమైతే బ్యాటరీ దిగకూడదు. దిగితే ఒప్పుకుంటారా?" ఆయన ఒప్పుకున్నారు. ఆ షరతును కాగితం మీద స్వయంగా రాశారు. మర్నాడు ఫజ్ర్ నమాజు తర్వాత నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీతో యంత్రాన్ని తిప్పారు. గంటకొకసారి తన మల్టీమీటరుతో తానే కొలిచి రాసుకున్నారు. ఉదయం 12.6 వోల్టులు ఉన్నది జుహ్ర్ అజాన్ వేళకు 11.5కు దిగింది. బల్బు మసకబారింది. కాసేపటికి యంత్రం ఆగిపోయింది.

చాలాసేపు ఆయన మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి బావమరిదికి చేశారు. "డబ్బు తీయవద్దు. నా లెక్క తప్పింది" అన్నారు. మాతో మాత్రం, "ఇంతమందిలో కూర్చుని కొలిచి చూద్దామన్నవారు మీరే" అన్నారు.

సోదర సోదరీమణులారా! ఆ ఒక్క మాటలో ఇద్దరి బాధ్యతా ఉంది. కొత్త మాట తెచ్చినవాడు తన మాటకు పరీక్ష పెట్టుకోవాలి, ఫలితానికి తల వంచాలి. వినేవాడు నవ్వి పంపకూడదు, మురిసిపోయి నమ్మనూ కూడదు, కూర్చుని కొలవాలి. తెలియని శాస్త్రమైతే తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళాలి. మా దృష్టిలో ఆ రోజు ఆ దుకాణంలో ఓడినవారు ఎవరూ లేరు. ఒక ఆడపిల్ల పెళ్ళి సొమ్ము నిలిచింది. ఒక మనిషి గౌరవం నిలిచింది.

సత్యం మనకు అనుకూలంగా ఉన్నా, ప్రతికూలంగా ఉన్నా దానిని స్వీకరించే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.