యాభై ఫ్రేముల మారియో

పాత ఆటని కొత్త యంత్రం మీద ఆడితే అది ఆ పాత ఆటేనా? వినడానికి ఇది పనిలేని ప్రశ్నలా ఉంటుంది. బొమ్మలు అవే, పాట అదే, మీసాల మారియో అతనే. ఇంకేం కావాలి? కానీ దీని వెనకే ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. పాతదాన్ని చెడిపోకుండా దాచాల్సిన బాధ్యత ఎవరిది? సొంతదారు పట్టించుకోకుండా వదిలేసినదాన్ని ఇంకొకరు కాపీ తీసి దాచుకుంటే అది దొంగతనమా?

సినిమాల విషయంలో ఇవి మనం ఎప్పుడో అడిగిన ప్రశ్నలే. 1957 నాటి ‘మాయాబజార్’కి 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు, అది మనం చూసిన మాయాబజారేనా అని మా ఇంట్లో కూడా వాదన నడిచింది. వీడియో గేముల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పిల్లలాటే కదా’ అని వదిలేస్తాం. ఇప్పుడు ముప్పైల్లో ఉన్న నాలాంటివాళ్ళకి ఆ ఆటలు కథల పుస్తకాలంత దగ్గరివి. కాబట్టి ఒకసారి సీరియస్‌గానే ఆలోచిద్దాం.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. అచ్చంపేటలో మేం ఆడిన వీడియో గేముల్లో ‘అసలుది’ ఒక్కటీ లేదు. నింటెండో వాళ్ళు ఫ్యామికామ్ అనే కన్సోల్‌ని 1983లో జపాన్‌లో, దాన్నే ఎన్ఈఎస్ పేరుతో 1985లో అమెరికాలో అమ్మకానికి పెట్టారు. మా దాకా వచ్చినవి దాని నకళ్ళు. పైన నింటెండో పేరుండదు. లోపలి చిప్పులు ఆ చిప్పుల్ని చూసి చేసినవి. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉంటుంది. పెట్టి చూస్తే పట్టుమని పది ఆటలే పేర్లు మార్చుకుని, మధ్య లెవెల్‌నుంచి మొదలై, మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఇంట్లో కొనిచ్చే స్తోమత లేనివాళ్ళకి గంట లెక్కన ఆడించే షాపులుండేవి. ఒక చిన్న గది, రెండు టీవీలు, ఆడేది ఇద్దరు, నిలబడి చూసేది పది మంది.

ఈ నకళ్ళలో ఒక విశేషం ఉంది. అది నాకు ఇంజినీరింగ్ చదివాక గానీ తెలీలేదు. జపాన్, అమెరికాల్లో టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. తెర మీద బొమ్మ సెకనుకి దాదాపు 60 సార్లు మారుతుంది. మన దూరదర్శన్ ఎంచుకున్నది పాల్ పద్ధతి, అందులో 50 సార్లే. ఆ కాలపు ఆటల్లో చాలావాటికి వేరే గడియారం ఉండదు. తెర ఒకసారి మారితే ఆట ఒక అడుగు ముందుకేస్తుంది, అంతే. సూపర్ మారియో బ్రదర్స్ (1985) కూడా అలాంటిదే. పాల్ టీవీల కోసం చేసిన నకలు యంత్రంలో దాన్ని పెడితే పరుగు, దూకుడు, చివరికి పైన తగ్గిపోయే టైము కూడా ఆరింట ఐదు వంతుల వేగానికి పడిపోతాయి. పాట శ్రుతి దాదాపు అదే ఉంటుంది, నడక మాత్రం నెమ్మదిస్తుంది. అమెరికా పిల్లాడికి ఐదు నిమిషాలు పట్టే ఆట మనకి ఆరు నిమిషాలు.

కొన్నేళ్ళ క్రితం మా బావ డాలస్ నుంచి వస్తూ ఒక నింటెండో స్విచ్ తెచ్చాడు. 2018 సెప్టెంబర్‌నుంచి ఆ కంపెనీ పాత ఎన్ఈఎస్ ఆటల్ని చందా కట్టినవాళ్ళకి అందులో ఇస్తోంది. అలా ముప్పయ్యో పడిలో నేను మొదటిసారి చట్టబద్ధమైన మారియోని ఆడాను. అది నాకు తెలిసిన మారియో కాదు. తొందరపడుతోంది. నా వేళ్ళకి గుర్తున్న దూకు దూరం కలవటం లేదు. జపాన్‌లో ఆట రాసినవాళ్ళు అనుకున్న వేగం ఇదే. మరి నా చేతులకి నకలుగా తోచింది ఇదీ, అసలుగా గుర్తున్నది ఆ చోరీ సరుకూ. ఇందులో ‘అసలు’ ఏది?

పాత గుళ్ళ మెట్ల మీదా, మండపాల బండల మీదా చెక్కిన పులి-మేక గీతలు మనలో చాలామంది చూసే ఉంటారు. ఆ గీతల మీద ఇవాళ కూర్చుని ఆడొచ్చు. గులకరాళ్ళు లేకపోతే చింతగింజలు పెట్టుకోవచ్చు. బండ లేకపోతే నేల మీద బొగ్గుతో గీసుకోవచ్చు, ఫోన్‌లో ఆప్ వేసుకోవచ్చు. ఇది అసలు పులి-మేక కాదని ఎవరూ అనరు. ఎందుకంటే ఆ ఆట అంతా నియమాల్లోనే ఉంది, గింజలో లేదు. నెల్సన్ గుడ్‌మన్ అనే అమెరికన్ తత్త్వవేత్త 1968లో రాసిన ‘లాంగ్వేజెస్ ఆఫ్ ఆర్ట్’ పుస్తకంలో కళల్ని రెండు రకాలు చేశాడు. పెయింటింగ్‌కి అసలూ నకలూ ఉంటాయి. కవితకి ఉండవు. అక్షరాలు తప్పు పోకుండా ఎత్తిరాస్తే ప్రతి కాపీ ఆ కవితే. ఈ లెక్కన పులి-మేక కవిత లాంటిది.

వీడియో గేము కూడా కోడే కదా, అక్షరాలే కదా, అదీ కవిత లాంటిదే అనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడిగా నాకూ అలా అనుకోవడమే సుఖం. కానీ పాత ఆటలు అలా అనుకోనివ్వవు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌నే తీసుకోండి. శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతూ ఉంటుంది. ఆటకి ప్రాణం ఆ ఒత్తిడే. టొమొహిరో నిషికాడో మొదట దాన్ని అలా రాయలేదు. ఆ కాలపు ప్రాసెసర్‌కి అన్ని బొమ్మల్ని ఒకేసారి గీసే సత్తువ లేదు. బొమ్మలు తగ్గేకొద్దీ బరువు తగ్గి వేగం పెరిగింది. అది బాగుందని ఆయన అలాగే ఉంచేశాడు. అంటే యంత్రం బలహీనత ఆట నియమమైంది. అదే కోడ్‌ని ఇవాళ్టి ప్రాసెసర్ మీద పగ్గం లేకుండా వదిలితే ఆట ఉండదు. పాత ఆటని బతికించాలంటే పాత నీరసాన్ని కూడా లెక్కగట్టి మళ్ళీ తయారు చేయాలి.

తుపాకీతో బాతుల్ని కొట్టే డక్ హంట్ సంగతి ఇంకా విచిత్రం. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క ఫ్రేము నల్లబడుతుంది. ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టంలో ఉన్న సెన్సార్‌కి ఆ వెలుగు కనబడితే బాతు పడినట్టు. ఇదంతా పాత పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మని ఆలస్యం లేకుండా గీస్తుందన్న నమ్మకం మీద నడిచేది. ఇవాళ్టి ఎల్‌సీడీ తెరలు బొమ్మ చూపించేముందు కాస్త ఆలస్యం చేస్తాయి. ఆ కాస్త చాలు, ఒక్క బాతూ పడదు. కోడ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు, ఆట మాత్రం లేదు. కాబట్టి ఆట కోడ్‌లో సగమే ఉంది. మిగతా సగం యంత్రంలో, తెరలో ఉంది.

ఇంకొంత ఆ గదిలో కూడా ఉంది. ఆ ఆటల్లో చాలావాటికి సేవ్ అనేది లేదు. మూడు ప్రాణాలు, అంతే. ఎనిమిదో ప్రపంచం దాకా వెళ్ళాక కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి. ఎండాకాలం కోతలు మా ఊళ్ళో ఆటకి ఎవరూ రాయని నియమం. ‘అన్నా, ఇంకొక్క లైఫే ఉందన్నా’ అని షాపాయన్ని బతిమాలడం, ‘నీ టైమ్ అయిపోయింది లేవురా’ అని వెనకవాడు భుజం పట్టి లాగడం కూడా ఆటలో భాగమే. ఇప్పుడు స్విచ్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. రెండు మీటలు కలిపి నొక్కితే ఆట వెనక్కి నడుస్తుంది. గోతిలో పడ్డ మారియో పైకి లేచి ఒడ్డున నిలబడతాడు. చావే లేనప్పుడు మూడు ప్రాణాలకి అర్థమేంటి?

ఇక్కడ నా తరంవాళ్ళు తేలిగ్గా తీర్పు చెప్పేస్తారు: ‘ఇప్పటి పిల్లలది ఆటే కాదు, మేం ఆడిందే ఆట.’ ఆ మాట నాకు నచ్చదు. మా అక్క కొడుకు రివైండ్ నొక్కుకుంటూ కాంట్రా పూర్తి చేస్తే నేను దాన్ని మోసం అనలేను. అసలు కాంట్రాని మాలో ఎంతమంది మూడు ప్రాణాలతో ముగించారు? పైకి పైకి కిందకి కిందకి ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ అని నొక్కి ముప్పై ప్రాణాలు తెచ్చుకునేవాళ్ళం. ఆ కిటుకు కూడా ముందు ఆటగాళ్ళ కోసం పెట్టింది కాదు. 1986లో కొనామి కంపెనీ ప్రోగ్రామర్ కజుహిసా హషిమోటో గ్రేడియస్ అనే ఆటని ఎన్ఈఎస్‌కి మారుస్తూ, అది తనకే కష్టంగా ఉండి, టెస్టింగ్ కోసం పెట్టుకున్నాడు. తీసేయకుండానే ఆట బయటికొచ్చింది. 2020లో ఆయన పోయినప్పుడు ప్రపంచమంతా ఆ పది మీటల్నే తలుచుకుంది. కాబట్టి కష్టం పవిత్రం కాదు. కరెంటు కోతని వారసత్వంగా ఇవ్వాల్సిన పనీ లేదు. పిల్లలకి మనం బాకీ ఉన్నది ఎంపిక. రివైండ్‌తో ఆడాలనుకుంటే అలా, మూడు ప్రాణాలతో, ఆ రోజుల్లో ఉన్న వేగంతో ఆడాలనుకుంటే ఇలా. రెండోది మాయమైపోతే వాళ్ళకి ఎంచుకోవడానికి ఏమీ ఉండదు.

మరి దాన్ని మాయం కాకుండా చూసేదెవరు? కంపెనీలు చూస్తాయనుకుంటే లెక్కలు వేరే చెబుతున్నాయి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023 జులైలో ఒక అధ్యయనం ప్రకటించింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ కొనుక్కుందామన్నా దొరకవు. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. స్విచ్‌లో ఇస్తున్న పాత ఆటలు కూడా అమ్మినవి కావు, చందా ఉన్నన్నాళ్ళు చూపించేవి. పోనీ లైబ్రరీలు దాచిన పాత ఆటల్ని పరిశోధకులు ఇంటినుంచి ఆడి చూసేలా అనుమతివ్వండని అడిగితే, 2024 అక్టోబర్‌లో అమెరికా కాపీరైట్ ఆఫీసు కుదరదంది.

చట్టం వైపునుంచి చూస్తే మన 1957 కాపీరైట్ చట్టం లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రాం అనేది ‘సాహిత్య కృతి’. మారియో మన చట్టం దృష్టిలో కావ్యాల పక్కన కూర్చుంటాడు. సక్రమంగా కొన్నవాడు పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని కూడా 52వ సెక్షన్ చెబుతుంది. పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ రాయడం అమెరికాలోనూ నేరం కాదు. సోనీ, కనెక్టిక్స్ కేసులో 2000లో అక్కడి అప్పీలు కోర్టు అలాగే తేల్చింది. చిక్కంతా అందులో పెట్టి ఆడే ఆట కాపీ దగ్గరే.

నేను రాసిన కోడ్ మీదే నా జీతం వస్తుంది. కాబట్టి ‘అన్నీ ఉచితంగా ఇచ్చేయాలి’ అనే మాట నా నోట రాదు. అమ్మకంలో ఉన్న ఆటని కొనకుండా కాపీ కొట్టడం, ఎంత తియ్యగా చెప్పుకున్నా, ఇంకొకరి కష్టాన్ని తినడమే. 2024లో యూజూ అనే స్విచ్ ఎమ్యులేటర్ తయారీదారులు నింటెండోకి 24 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నప్పుడు నాకు పెద్దగా జాలి కలగలేదు. ఆ యంత్రం, దాని ఆటలు అప్పటికింకా బజార్లో ఉన్నాయి. కానీ అమ్మని, అమ్మబోని, ఇంకొకరిని దాచనివ్వని ఆట సంగతి వేరు. తలుపుకి తాళం వేసుకునే హక్కు ఉన్నవాడికి లోపలి సరుకు చెదలు పట్టకుండా చూసే బాధ్యత కూడా ఉంటుంది. బాధ్యత వదిలేసినవాడు హక్కు ఒక్కటే పట్టుకుని కూర్చుంటే, ఆ సరుకుని కాపీ తీసి దాచినవాణ్ణి దొంగ అనడానికి చట్టం ఒప్పుకుంటుందేమో గానీ నా మనసు ఒప్పుకోదు. వాడు అమ్ముకుంటున్నాడా, దాస్తున్నాడా అన్నదొక్కటే నేను చూసే తేడా.

ఇంతా చెప్పాక నా యాభై ఫ్రేముల మారియో మిగిలిపోతాడు. అతన్ని నింటెండో ఎప్పటికీ అమ్మదు, అతను వాళ్ళ సరుకే కాదు కనక. చేసినవాళ్ళు దాచరు, దొంగసరుకుకి రికార్డులుంచే అలవాటు ఎవరికీ ఉండదు కనక. ఏ మ్యూజియంలోనైనా రేపు ఎన్ఈఎస్ పెడితే, అది సెకనుకి అరవై ఫ్రేములతో పరుగెత్తేదే పెడతారు. అచ్చంపేటలో, నల్లగొండలో, ఇలాంటి వందల ఊళ్ళలో లక్షల పిల్లలు ఆడిన ఆట ఏదంటే మాత్రం అది కాదు. ఆస్తిగా చూస్తే అతనికి సొంతదారు లేడు, కాపలాదారూ లేడు. ఆడినవాళ్ళమే ఉన్నాం.

మెసెన్ లాంటి ఇవాళ్టి ఎన్ఈఎస్ ఎమ్యులేటర్లు తెరిచి సెట్టింగుల్లో చూస్తే, ఎన్‌టీఎస్‌సీ, పాల్ అని రెంటి పక్కన మూడో పేరు ఒకటుంటుంది: డెండీ. అది 1992లో రష్యాలో అమ్మకానికి వచ్చిన ఫ్యామికామ్ నకలు పేరు. అక్కడి పిల్లలూ మనలాగే అసలుది చూడకుండా నకలుతోనే పెరిగారు. అలాంటి యంత్రాల చిప్పులు ఎంత వేగంతో నడిచేవో, తెరకి ఎన్ని గీతలు గీసేవో ఔత్సాహికులు ఓపిగ్గా కొలిచి రాసిపెట్టారు. నకలుకి కూడా నకలు చేయదగ్గ గౌరవం ఉందని వాళ్ళు అనుకున్నారు. ఆ డెండీ ఎంచుకుని మారియో పెడితే నాకు తెలిసిన మారియో వస్తాడు, అదే నడక, అదే దూకు దూరం. మన చిన్నతనం ప్రస్తుతానికి రష్యా పేరు మీద భద్రంగా ఉంది. మన అటకల మీద ఇంకా ఏవైనా ఆ పసుపు క్యాసెట్లు, పలిగిన డబ్బాలు మిగిలి ఉంటే, పాత సామానోడికి వేసేముందు ఒకసారి విప్పి, చిప్పుల మీద రాసి ఉన్న అంకెల్ని ఫొటో తీసి పెట్టడం మన వంతు.