చూపు - వేట - బాధ్యత: ట్రాప్ కెమెరా నైతికతపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

అడవి జంతువును దానికి తెలియకుండా చూడడం తప్పా? ఆ చూపు ఏ పనికి దారితీసిందన్న దానిని బట్టి మాత్రమే తప్పొప్పులు తేలుతాయా, లేక చూపుకే ఒక ధర్మం ఉందా? ట్రాప్ కెమెరా వాడుక విస్తరించిన కాలంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. చెట్టు మొదలుకు కట్టిన ఈ చిన్న పెట్టె, ఎదుట నడిచే ప్రాణి ఒంటి వేడినీ కదలికనూ పసిగట్టి దానంతట అదే ఫొటో తీస్తుంది. అమెరికాలో వేటగాళ్ళు వేట కాలానికి ముందు నెలల తరబడి వీటిని అమర్చి, ఏ జింక ఏ దారిన ఏ వేళకు వస్తుందో తెలుసుకొంటారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అందువల్ల ఇక్కడ అదే పరికరం ప్రధానంగా పులుల లెక్కింపుకూ సంరక్షణకూ ఉపయోగపడుతున్నది. హైదరాబాదు ఐటీ కారిడార్‌లోని కంచ గచ్చిబౌలి ఉదంతం ఈ రెండింటికీ భిన్నమైన మూడో స్థితిని ముందుకు తెచ్చింది. అది, ముందుగా చూడకుండానే తరమడం. ఈ మూడు స్థితులను పోల్చి, చూపుకూ బాధ్యతకూ గల సంబంధాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాండురాజు వాదం

మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు, జింక రూపంలో భార్యతో కూడి ఉన్న కిందముడనే మునిని బాణాలతో కొడతాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్య జరిగే వాదం ఈ చర్చకు కీలకం. మృగం ఏమరి ఉన్నా ఏమరక ఉన్నా, ఎదురుగానైనా మాటుగానైనా దానిని చంపడం రాజులకు చెల్లునని పాండురాజు సమర్థించుకొంటాడు. జింకను చంపడాన్ని తాను తప్పు పట్టడం లేదని కిందముడు బదులిస్తాడు. అతని అభియోగమల్లా రాజు ఆగలేదనే. ప్రాణి ఏమరి ఉన్న ఘడియను అదనుగా తీసుకోవడమే అక్కడ దోషం.

ఈ వాదంలో వేట హింసకూ, వేటగాని చూపులోని అన్యాయానికీ మధ్య ఒక భేదం ఏర్పడింది. చూస్తున్నవాడు తనను తాను దాచుకొన్నాడు. చూడబడే ప్రాణికి ఆ సంగతి తెలియదు. ట్రాప్ కెమెరా ఈ అసమానతను సంపూర్ణం చేసింది. మాటు వేసిన మనిషి వాసన గాలిలో జింకకు అందుతుంది. వారాల తరబడి చెట్టునే అంటిపెట్టుకొన్న పెట్టె విషయంలో ఆ రక్షణ చాలావరకు పోయింది. అరిజోనా రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి వేటకు సహాయంగా ఈ కెమెరాలను వాడడాన్ని నిషేధించింది. జంతువుకు తప్పించుకొనే అవకాశం మిగలాలన్న వేటగాళ్ళ సంప్రదాయ నీతియే ఈ చర్చకు ప్రాతిపదిక. వేటను అనుమతించిన సమాజమే చూపుకు హద్దు గీయడం ఇక్కడ గమనించదగినది.

ఒకే పరికరం, రెండు ఫలితాలు

వేట నిషిద్ధమైన చోట చూపు నిర్దోషమవుతుందా? 2024 ఏప్రిల్ చివర శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలోకి ఒక చిరుత ప్రవేశించింది. అటవీ శాఖ ట్రాప్ కెమెరాలతో దాని దారి కనిపెట్టి బోనులు పెట్టింది. మే 3న చిరుత చిక్కింది. తర్వాత దానిని అడవిలో వదిలారు. ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో, మనుషులను చంపిందని గుర్తించిన అవని అనే ఆడపులి జాడ తీయడానికి కూడా ట్రాప్ కెమెరాలు వాడారు. ఆ పులిని 2018 నవంబరు 2 రాత్రి కాల్చి చంపారు. రెండు చోట్లా యంత్రం ఒక్కటే, అది అందించిన జ్ఞానమూ ఒక్కటే. ఫలితాలు మాత్రం వేరు. కనుక కెమెరా స్వతః మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది చూసేవానికి అధికారాన్ని ఇస్తుంది. ఆ అధికారంతో ఏమి చేశాడో చెప్పవలసిన బాధ్యత కూడా అతనిదే అవుతుంది.

చూడకుండా తరమడం

కంచ గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొన్న 400 ఎకరాలను ఐటీ పార్కుల కోసం అభివృద్ధి చేయాలని తెలంగాణ ప్రభుత్వం తలపెట్టింది. చుక్కల దుప్పులు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు తిరిగే రాళ్ళ గుట్టల నేల అది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, యంత్రాలు రంగంలోకి దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసింది. పర్యావరణ ప్రభావ అంచనా జరిగిందా, చెట్ల నరికివేతకు అనుమతి ఉందా, ఇంత తొందర ఎందుకు అని ప్రభుత్వాన్ని అడిగింది. ఏప్రిల్ 16న, ఆశ్రయం వెతుక్కొంటూ పరుగెత్తుతున్న జంతువుల వీడియోలపై ఆందోళన తెలిపి, వాటి రక్షణకు చర్యలు తీసుకోవాలని ఆదేశించింది.

ఈ ప్రశ్నలు యంత్రాలు వచ్చిన తర్వాత పుట్టాయన్నదే ఇక్కడి నైతిక సారాంశం. అమెరికా వేటగాడు ఒక్క జింకను కొట్టడానికి నెలల ముందు నుంచి దానిని చూస్తాడు. కొమ్ములను బట్టి ఏది ఏదో గుర్తు పడతాడు. చంపదలచినవాడు చూపిన ఆ శ్రద్ధ, చదును చేయదలచిన నగరంలో కనబడలేదు. ఈ నగరానికి కళ్ళు కొరతా కాదు. నగర వీధుల సీసీ కెమెరాల దృశ్యాలను ఒక్కచోట చూడగల సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. మనుషుల కదలికను ఇంత శ్రద్ధగా చూసే వ్యవస్థ, దుప్పి నడిచే బాటను చూడవలసినదిగా ఎంచలేదు. 1972 చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడంతో పాటు తరమడం కూడా ఉంది. భూమి చదునుకు ఆ నిర్వచనం వర్తిస్తుందా అన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. అయితే తుపాకీ లేకుండానూ వేట సాగగలదన్న గుర్తింపు చట్టంలోనే ఉన్నది.

ఒక ఆక్షేపణ

చిత్రాలనే సాక్ష్యంగా నమ్మలేమన్న ఆక్షేపణ సహజం. కంచ గచ్చిబౌలి వివాదంలో కృత్రిమ మేధతో తయారైన జింకల చిత్రాలు నిజంగానే ప్రచారంలోకి వచ్చాయి; ప్రభుత్వం వాటిని ఎత్తి చూపింది. మారీచుడి బంగారు జింక సీతారాములను భ్రమింపజేసినట్లే ఈ మాయాచిత్రాలూ జనాన్ని భ్రమింపజేశాయి. వాటివల్ల ఎక్కువగా నష్టపోయినది నిజమైన దుప్పి: దాని పరుగును చూపిన వీడియో కూడా అనుమానానికి గురయింది. అయితే ఈ ఆక్షేపణ చూపును తగ్గించమని చెప్పదు. మరింత ముందుగా, మరింత పద్ధతిగా చూడమని చెబుతుంది. తేదీ, వేళ, స్థలం నమోదయిన ట్రాప్ కెమెరా చిత్రాలు వివాదానికి ముందే ఉండి ఉంటే, మాయాచిత్రాలకు అంత చోటు దొరికేది కాదు.

ముగింపు

దాగి చూసే చూపు ఒక ఋణం వంటిది. ఏమరి ఉన్న ప్రాణి దినచర్యను తెలుసుకొన్నవాడు, ఆ తెలివిడిని దాని చేటుకు వాడకూడదు; వాడవలసి వస్తే అందుకు బహిరంగంగా సమాధానం చెప్పాలి. అంతకంటె పెద్ద దోషం మరొకటి ఉంది: నిర్ణయించే అధికారం ఉండి కూడా చూడకపోవడం. చూడనివానికి ఋణం అంటదని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే అతడు చూడకపోయినా అక్కడ జింక ఉన్నది. కిందముడు పాండురాజును అడిగింది ఆగమని మాత్రమే. యంత్రం కదలడానికి ముందే ఒక ఏడాది పాటు అన్ని ఋతువుల్లో ఆ నేలను చూసి, చూసినదాన్ని ప్రజల ముందు ఉంచి, ఆ తర్వాత నిర్ణయించడం నేటి నగరం పాటించగల ఆగడం. వేట లేని దేశంలో ట్రాప్ కెమెరాకు నైతికమైన స్థానం అక్కడే ఉంది.