దీపం ఎవరికి వెలిగింది?

మన కొండలకు సముద్రం దూరం. అయినా ఒక లైట్‌హౌస్ గురించి మనం మాట్లాడుకోవాలి.

ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో కేప్ ఆట్వే అనే రాతి కొమ్ము సముద్రంలోకి పొడుచుకొని ఉంటుంది. 1845లో బతుకుతెరువు కోసం ఇంగ్లండు నుంచి కుటుంబాలతో వస్తున్న కటరాకీ అనే ఓడ, దాని ఎదురుగా ఉన్న కింగ్ ద్వీపం రాళ్లకు తగిలి పగిలిపోయింది. దాదాపు 400 మంది చనిపోయారు, తొమ్మిది మందే మిగిలారు. 1848లో ఆ కొమ్ము మీద దీపం వెలిగింది. 1994 వరకు ఓడలకు దారి చూపింది. ఇప్పుడు జనం ఆ కట్టడాన్ని చూడటానికి వెళ్తున్నారు.

కానీ ఆ నేల గాదుబనుడ్ అనే ఆదివాసులది. 1846లో ఆ తీరాన్ని కొలవడానికి సర్వే బృందం వచ్చింది. బృందంలో ఒకతను హతమయ్యాడు. ప్రతీకారంగా ఏర్ నది దగ్గర గాదుబనుడ్ వాళ్లపై దాడి చేసి చంపారు. ఆ తర్వాత రెండేళ్లకే దీపం వెలిగింది.

మరి ఆ దీపం మంచిదా, చెడ్డదా? చెడ్డదని మనం అనలేం. ఓడలో ఉన్న పసిబిడ్డ ఎవరికీ అన్యాయం చేయలేదు. మంచిది కాబట్టి జరిగింది మరిచిపోదామా? అదీ కుదరదు. ఒకరి ప్రాణం కాపాడితే ఇంకొకరి బాకీ తీరదు. ఆ బాకీని మాఫీ చేసే హక్కు నష్టపోయినవాళ్లదే, లాభపడినవాళ్లది కాదు.

ఈ మాట మనకు కొత్త కాదు. మాచ్‌ఖండ్ కరెంటు కోసం జలాపుట్ జలాశయం కింద ఆదివాసుల ఊళ్లు మునిగాయి. ఆ కరెంటుతో ఎక్కడో ఆసుపత్రి నడిచి ఉంటుంది, ఎవరో పిల్లవాడు చదువుకుని ఉంటాడు. అందుకు మనం సంతోషించవచ్చు. ఊరు పోయినవాళ్ల లెక్క మాత్రం అలాగే ఉంది.

కేప్ ఆట్వేలో ఇప్పుడు లైట్‌హౌస్‌తో పాటు, ఆదివాసుల చరిత్ర చెప్పే గుడిసె కూడా ఉంది. దానివల్ల పోయిన నేల తిరిగి రాదు. కానీ అక్కడ ఎవరూ లేరన్న అబద్ధం ఆగుతుంది. బాకీ ఉందని ఒప్పుకోకుండా తీర్చడం మొదలుకాదు కదా.

ఉపాధ్యాయులు పిల్లల్ని డ్యామ్ చూపించడానికి తీసుకెళ్తుంటారు. అక్కడ ఎంత కరెంటు పుడుతుందో చెప్తారు, చెప్పాలి కూడా. వెళ్లే ముందు రోజు మన అవ్వల్ని, తాతల్ని అడిగి మునిగిన ఊళ్ల పేర్లు రాసుకుందాం. గట్టు మీద నిలబడి అవీ చదువుదాం.