మూర్ఛ గాలి కాదు, పాపం కాదు



మొన్న మల్యాల అంగట్ల ఒక పిల్లగాడు ఫిట్స్ వచ్చి పడిపోయిండు. ఒకరు చేతిల తాళంచెవులు పెట్టిండ్రు, ఇంకొకరు ముక్కు కాడ ఉల్లిగడ్డ పెట్టిండ్రు. "గాలి సోకింది, గుట్టకు తీస్కపోండ్రి" అన్నరు. రెండు నిమిషాలకు పిల్లగాడు తనంతట తానే నెమ్మదించిండు. పేరు మాత్రం తాళంచెవులకు వచ్చింది!

మెదడులోని కణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. అవి ఒక్కసారిగా అదుపు తప్పితే ఒళ్లు బిగుసుకుంటుంది, కాళ్లు చేతులు కొట్టుకుంటాయి. కొందరైతే పడిపోరు, కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా చూస్తారు, అంతే. కాన్పులో బిడ్డకు ఊపిరందకపోవడం, తలకు దెబ్బ, పక్షవాతం, మెదడువాపు, ఇవన్నీ కారణాలే. బద్దెపురుగు గుడ్లు కలుషితమైన నీళ్లతో, కడగని కూరగాయలతో కడుపులోకి పోయి మెదడులో తిత్తులు కడతాయి. పంది మాంసం ముట్టనివాళ్లకూ ఇట్లా వస్తుంది. కొందరిలో కారణం దొరకదు. అంటురోగం మాత్రం కాదు.

"పోయిన జన్మల పాపం" అంటారా? సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగింది ఇదే. అన్ని బాధలూ పూర్వకర్మ వల్లనే అనడం తప్పన్నాడు బుద్ధుడు. పిత్తం, వాతం, రుతువు మార్పు, దెబ్బలు అంటూ ఎనిమిది కారణాలు చెప్పాడు. అందులో కర్మ ఒకటి మాత్రమే. గిరిమానంద సుత్తంలో అపస్మారం దగ్గు, జ్వరాలతో పాటే రోగాల వరుసలో ఉంది, దయ్యాల వరుసలో కాదు.

కొండగట్టు మన మండలంలోనే ఉంది. మొక్కుకోవడం మీ ఇష్టం. గోళీలు ఆపకండి. నాకు తెలిసిన ఒక తల్లి, సంబంధం వాళ్లు చూస్తారని బిడ్డ గోళీలు దాచిపెట్టింది. వారం తిరగకముందే ఆ పిల్లకు ఒక్క రాత్రి మూడుసార్లు ఫిట్స్ వచ్చినయ్. "తెలిస్తే పెండ్లి అయితదా అన్నా?" అని ఏడ్చింది. ఆమెకు చెప్పిన, మీకూ చెప్తున్న: హిందూ వివాహ చట్టం బౌద్ధులమైన మనకూ వర్తిస్తుంది. పెండ్లికి అడ్డంకుల్లోంచి మూర్ఛను 1999లోనే తీసేసిండ్రు. సరిగ్గా మందులు వాడితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ ఆగిపోతాయి. ఏండ్ల తరబడి రాకపోతే మందు తగ్గించాల్నా వద్దా అనేది డాక్టర్ చెప్తడు, చుట్టాలు కాదు.

ఎవరన్నా పడిపోతే పక్కకు ఒరిగించండి, తల కింద తువ్వాల పెట్టండి. నోట్లో చెంచా, నీళ్లు పెట్టొద్దు, గట్టిగా పట్టి ఒత్తొద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కు ఫోన్ చేయండి. తెలివి వచ్చినంక సిగ్గుపడతారు, గుంపును పంపించి పక్కన ఒక్కరు కూసోండి.